తీగ మోయగల విద్యుత్తు

ఇంటిలో పాటలు వినిపించే ఆంప్లిఫైయరు వెనుక ఒక చిన్న రేకుమీద '230 వోల్టులు, 50 హెర్ట్జ్, 300 వాట్లు' వంటి అంకెలు ఉంటాయి. దానిని గోడలోని సాకెట్టుకు కలిపే వైరు ప్లగ్గుమీద '250 వోల్టులు, 6 ఆంపియర్లు' అని అచ్చుపోసి ఉంటుంది. ఇది చూచి, వైరు 6 ఆంపియర్లను పరికరంలోనికి నెట్టి దానిని పాడుచేస్తుందేమోనని కొందరు భయపడతారు. ఈ భయం నిరాధారం. ఎంత విద్యుత్తు ప్రవహించాలో నిర్ణయించేది పరికరమే. ప్లగ్గుమీది అంకె ప్రమాదం లేకుండా మోయగల గరిష్ఠ ప్రవాహాన్ని మాత్రమే తెలుపుతుంది. పది టన్నులు మోయగల వంతెనమీద నడచినంత మాత్రాన సైకిలు బరువెక్కదు గదా! కావున వైరు సామర్థ్యం ఎక్కువైతే హాని లేదు, తక్కువైతేనే ముప్పు.

వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు ఉజ్జాయింపుగా తెలుస్తాయి. 300 వాట్లను 230తో భాగించగా 1.3 ఆంపియర్లు వస్తుంది. రేకుమీద ఆంపియర్లే ఇచ్చి ఉంటే ఆ అంకెనే తీసుకోవాలి.

ప్రవాహం పెరిగితే వైరు ఎందుకు వేడెక్కుతుంది? రాగి తీగకు కూడా కొంత నిరోధం ఉన్నది. దానివలన పుట్టే ఉష్ణం ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ 1841లో ప్రకటించాడు. 0.75 చదరపు మిల్లీమీటర్ల మధ్యచ్ఛేదం గల రాగి తీగ నిరోధం మీటరుకు సుమారు 0.023 ఓములు. 3 మీటర్ల ఎక్స్‌టెన్షన్ వైరులో విద్యుత్తు పోయి తిరిగి రావాలి గనుక 6 మీటర్ల తీగను లెక్కించాలి. నిరోధం 0.14 ఓములు. ఆంప్లిఫైయరు ఒక్కటే పనిచేస్తూ ఉంటే ఇందులో పుట్టే ఉష్ణం పావు వాటుకు మించదు. అదే బోర్డుకు 1500 వాట్ల నీళ్ళ కెటిల్ కూడా తగిలిస్తే మొత్తం ప్రవాహం 7.8 ఆంపియర్లు. ప్రవాహం 6 రెట్లయింది. ఉష్ణం 36 రెట్లయి 8.5 వాట్లకు చేరుతుంది. వైరు చాపి ఉంటే ఈ వేడి గాలిలో కలిసిపోవచ్చును. చుట్టగా చుట్టినా, తివాచీ క్రింద దాచినా వేడి పోయే దారి ఉండదు. సాధారణ పి.వి.సి. తొడుగు 70 డిగ్రీల సెంటీగ్రేడు వరకే తట్టుకొనగలదు.

ఇంటిలోని 16 ఆంపియర్ల ఎం.సి.బి. ఈ ప్రమాదాన్ని పసిగట్టదు; 7.8 ఆంపియర్లు దానికి తక్కువే. అది కాపాడేది గోడలోని తీగలను. తగిన వైరును ఎన్నుకొనే బాధ్యత ఉపయోగించేవారిదే.

మూడు పిన్నుల ప్లగ్గులో లావుగా, పొడవుగా ఉండేది ఎర్తు పిన్ను. లోపలి తీగ ఊడి ఆంప్లిఫైయరు లోహపు పెట్టెకు తగిలితే, విద్యుత్తు ఎర్తు దారిన పోయి ఫ్యూజు తెగేటట్లు చేస్తుంది. స్పీకరులో జుమ్మనే రొద పోవుటకు కొందరు ఈ పిన్నును తీసివేస్తారు. రొద పోవచ్చును, దానితోపాటు ప్రాణరక్షణ కూడా పోతుంది. చతురస్రంలో చతురస్రం గుర్తు గల పరికరాలలో రెండు అంచెల విద్యుద్బంధనం ఉంటుంది. ఎర్తు లేని వైరు వాటికే తగినది.

అమెరికాలో ఇంటి విద్యుత్తు 120 వోల్టులు. అక్కడినుండి బంధువులు తెచ్చిన పరికరం మీద '100–240 వోల్టులు' అని ఉన్నప్పటికీ, దానితో వచ్చిన వైరుమీద '125 వోల్టులు' అని ఉంటే ఆ వైరును ఇక్కడ వాడరాదు. 250 వోల్టులకు తగిన వైరు వేరుగా కొనుక్కోవాలి. వోల్టులు, ఆంపియర్లు, ఎర్తు — ఈ మూడింటినీ సరిచూచిన పిమ్మటనే స్విచ్చి వేయడం క్షేమకరం.