గట్టెక్కి నడుద్దామా!

కార్తికమాసం వచ్చిందంటే గోదావరి జిల్లాల్లో తోటలకు గిరాకీ. ఉసిరిచెట్టు కింద పూజ, అరిటాకుల్లో పులిహోర, పనసపొట్టు కూర, ఆపైన హౌసీ, పేకాట, డీజే బాక్సు. సాయంత్రానికి మళ్లీ అదే బస్సు. వనభోజనాల్లో భోజనానికి లోటుండదు. వనంలో నాలుగడుగులు వేసిన వాళ్లు మాత్రం ఎంతమందో వెతుక్కోవాలి.

పిల్లల్ని తీసుకుని ఆదివారం ఎటైనా నడుద్దామంటే, “ఇక్కడేముందండీ, మారేడుమిల్లి వెళ్లాలి గానీ” అనేస్తారు. రాజమండ్రి నుంచి అది 80 కిలోమీటర్ల పైమాటే. సగం పూట కారులోనే గడిచిపోతుంది. అంత దూరం పోనక్కర్లేదు. డెల్టాలో ఎక్కాల్సిన కొండ లేదు. కాలువగట్లు, పొలాల మధ్య పుంతలు, మడ అడవిలో చెక్కవంతెన, సముద్రం ఒడ్డున సరుగుడు తోటలు ఉన్నాయి. మోకాళ్ల నొప్పుల మామ్మగారూ, నిన్నగాక మొన్న నడక నేర్చిన మనవడూ కలిసి తిరగదగ్గ నేల ఇది.

మొదట కోరంగి. కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో చొల్లంగి దాటాక అటవీశాఖ వారి గేటు వస్తుంది. లోపల మడచెట్ల మధ్య నుంచి చెక్కవంతెన సాగుతుంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవి విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. నడిచే దారి అందులో పిసరంతే అయినా, పిల్లలకు ఆ పిసరే చాలు. ఎందుకంటే ఇక్కడ చూడాల్సింది దూరంగా లేదు, కాళ్ల కిందే ఉంది.

పాటు వేళకు వెళ్తే నీరు తీసి బురద బయటపడుతుంది. ఆ బురదంతా పెన్సిళ్లు గుచ్చినట్టు నిటారుగా లేచిన వేళ్లే. మడచెట్టు ఊపిరి వేళ్లవి. ఉప్పుబురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు వేళ్లను పైకి పంపి గాలి పీల్చుకుంటుంది. వాటి మధ్య వేలెడంత చేప ఒకటి రెక్కల మీద ఒళ్లీడ్చుకుంటూ పోతుంది. కళ్లు నెత్తిన ఉంటాయి. “తాతయ్యా, చేప నడుస్తోందే!” అని పిల్లలు కేక వేసేది అక్కడే. ఆ కేకకు పీతలన్నీ బొరియల్లో దూరతాయి. మళ్లీ బయటికి రావాలంటే కదలకుండా నిలబడాలి. నోరు మూసుకుని నిలబడటం పిల్లలు అంత ఇష్టంగా నేర్చుకునే చోటు ఇంకోటి ఉండదేమో!

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. ఈ అడవిలో తిల్ల చెట్లున్నాయి. ఆకు తుంపితే తెల్లటి పాలు కారతాయి. అవి కంట్లో పడితే ప్రమాదం, ఒంటికి తగిలితే మంట. కొమ్మలు విరవొద్దని ముందే చెప్పి తీసుకెళ్లాలి. బావురుపిల్లి కనిపిస్తుందని మాత్రం ఆశ పెట్టకండి. అది రాత్రి తిరిగే జంతువు. అదృష్టం ఉంటే బురదలో దాని అడుగులు కనిపిస్తాయి. ఒకప్పుడు ఇక్కడ ఓడల రేవుండేదనీ, 1839 ఉప్పెన దాన్ని తుడిచిపెట్టేసిందనీ చెబితే పెద్దపిల్లలు ఇంకో నాలుగు ప్రశ్నలు వేస్తారు.

కోరంగికి టికెట్టుంది. కాలువగట్టుకు అదీ లేదు. ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టి 1852కు ఆనకట్ట పూర్తిచేసిన ఆర్థర్ కాటన్ కాలువల్ని నీటికోసమే కాదు, పడవల కోసం కూడా తవ్వించాడు. లాకులు అందుకే పుట్టాయి. ధాన్యం, కొబ్బరి, మనుషులు అన్నీ కాలువలోనే వెళ్లేవి. గాలి లేనప్పుడు పడవకు తాడు కట్టి మనుషులు గట్టు వెంట నడుస్తూ లాగేవారు. అంటే ఈ గట్టు మొదటినుంచీ నడకదారే.

పడవల కాలం పోయాక ఆ దారిని మనం మరిచిపోయాం. కాటన్ పుట్టిన ఇంగ్లండులో మరవలేదు. అక్కడా రైళ్లు, లారీలు వచ్చి పడవల పని పోయింది. గట్లు మాత్రం మిగిలాయి. కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ అనే సంస్థ ఇంగ్లండు, వేల్సుల్లో 2000 మైళ్ల జలమార్గాలను చూసుకుంటుంది. గుర్రాలు పడవలు లాగిన ఆ గట్ల మీద ఇప్పుడు జనం పిల్లల బళ్లు తోసుకుంటూ నడుస్తున్నారు. మన గట్ల మీద గుర్రపుడెక్క గుట్టలు, కోళ్ల వ్యర్థాల మూటలు. కొన్నిచోట్ల పాకలు కూడా లేచాయి. ఊరిమధ్య గట్టు నడవడానికి పనికిరాదు, ఒప్పుకోవాల్సిందే. ఊరు దాటిన అరకిలోమీటరుకు మాత్రం కథ మారుతుంది: ఒకపక్క నీళ్లు, ఇంకోపక్క వరి, తీగ మీద లకుముకిపిట్ట.

గట్టు నడకకు మంచి చోటు పి.గన్నవరం. గోదావరి వైనతేయ పాయ మీదుగా కోనసీమ లంకలకు నీరు తీసుకెళ్లడానికి కాటన్ కాలంలోనే 49 ఖానాల అక్విడెక్టు కట్టారు. పక్కనే కొత్తది వచ్చింది, దానికి అన్నదాత డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. కింద నది, పైన కాలువ! నీటి మీద నీరు ఎలా పోతుందో బొమ్మ గీసి చెప్పేకన్నా, పదేళ్ల పిల్లాడిని ఆ గోడ పక్కన నిలబెట్టి కిందికి చూపిస్తే అర్ధనిమిషంలో తెలుస్తుంది.

పక్షుల కోసమైతే ఆటపాక. కైకలూరు పక్కనే, కొల్లేరు సరస్సు అంచున. 1946లో పక్షి పరిశీలకుడు కె.కె.నీలకంఠన్ కొల్లేటి ప్రాంతంలో దాదాపు 3000 గూడబాతుల స్థావరాన్ని గుర్తించారు. 1975 ప్రాంతానికి అది అంతరించింది. పక్షులు మళ్లీ వచ్చాయి గానీ, ఆటపాకలో ఇప్పుడు చెట్లు చాలక అటవీశాఖ నీళ్లలో ఇనుప స్టాండ్లు పాతింది. గూడబాతులు వాటి మీదే గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతున్నాయి. ఇనుము మీద కాపురమేమిటని ముక్కు విరిచేవాళ్లూ ఉన్నారు. పక్షులకు మాత్రం ఆ పట్టింపు లేదు. గట్టు మీద నడుస్తూ నత్తగుల్ల కొంగల్ని, నీటికాకుల్ని పిల్లల చేత లెక్కపెట్టించొచ్చు. బైనాక్యులర్స్ ఉంటే తెచ్చుకోండి. కొల్లేరు 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. అయినా దారిపొడవునా కనిపించేది చేపల చెరువులే. ఆ చెరువుల గట్ల మీద తిరగొద్దు, అవి ఒకరి వ్యాపారం.

ఇక తీరం. అంతర్వేదిలో గోదావరి వశిష్ఠ పాయ సముద్రంలో కలిసేచోటును అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. జనమంతా గుడి నుంచి నేరుగా అక్కడికి పోయి ఫొటో దిగి వచ్చేస్తారు. వాళ్లు వదిలేసిన ఇసుకదిబ్బల్లోనే నడక బాగుంటుంది. ఇసుకను పట్టి ఉంచే బాలబంద తీగ, మొగలిపొదలు, సరుగుడు నీడ. ముళ్లబంతిలా ఉండే రావణాసురుడి మీసాలు గాలికి దొర్లుతూ పరుగెడుతుంటే పిల్లలు వాటి వెనకాల పడతారు. ఆ పరుగు ఊరికే కాదు, విత్తనాలు చల్లుకునే పద్ధతి. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఇసుకలో కర్ర పాతి, వల చుట్టిన జాగా కనిపిస్తే అది గుడ్లున్న చోటు, దూరంగా తప్పుకుని నడవాలి.

ఇంత దూరాలు వద్దనుకునే రాజమండ్రి వాళ్లకు కడియపులంక నర్సరీల మధ్య దారులున్నాయి.

ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ముగిస్తే ఎండ బాధ ఉండదు. గట్ల మీద పాములుంటాయి కనుక చెప్పులు కాదు, బూట్లు. గడ్డిలో దూరొద్దు, దారి మధ్యలోనే నడవాలి. మంచినీళ్లు, రెండు అరటిపళ్లు, ఖాళీ సంచి. తినగా మిగిలిన కవర్లు ఆ సంచిలో ఇంటికి రావాలి.

జలవనరుల శాఖకు, పంచాయతీలకు ఒక్క మనవి. కోట్ల పార్కులు అడగడం లేదు. మండలానికి ఒక్క కిలోమీటరు గట్టు ఎంచుకుని ముళ్లకంప కొట్టించండి, నీడనిచ్చే చెట్లు నాటించండి, దూరం చెప్పే బోర్డు పెట్టించండి. అది జరిగేదాకా ఆగొద్దు. వేసవిలో కాలువలు కట్టేస్తారు, సంక్రాంతి సెలవుల్లో నిండుగా ఉంటాయి. అప్పుడే బయల్దేరండి.