విహారమునకు సముద్రతీరము నెంచుకొనుట

సెలవులు సమీపించుసరికి మా విద్యార్థులును వారి తలిదండ్రులును మమ్ము తప్పక యడుగు ప్రశ్న యొకటి గలదు: "సముద్రము చూచుటకు ఈ మారు ఎక్కడికి పోవుట మంచిది?" అడుగువారిలో పెక్కుమంది యప్పటికే ఛాయాపటములు చూచి మనస్సులో నొక స్థలమును నిశ్చయించుకొని యుందురు. మా సమ్మతి మాత్రమే వారికి కావలయును. ఆ పటములు కడు రమ్యములు. ఒక ప్రక్క కొండ, ఒక ప్రక్క నీలిజలము, నడుమ నడుగుజాడ లేని యిసుక. కొన్నింటిలో సూర్యుడు సముద్రమున నస్తమించుచుండును. మన యాంధ్రతీరము తూర్పునకును ఆగ్నేయమునకును ముఖము పెట్టి యున్నది గనుక, ఇక్కడ సాధారణముగా సూర్యుడు సముద్రమునుండి యుదయించునే గాని యందు గ్రుంకడు. అట్టి పటము మన తీరమున దీసినది కాదని భూగోళము చదివిన బాలుడెవ్వడైనను కనిపెట్టవచ్చును.

పటములో నెన్నడును కానరానిది మరియొకటి గలదు. అది నీటి క్రింది నేల. ఒడ్డున నిలిచి చూచుటకు యోగ్యమైన తీరము వేరు, నీటిలో దిగుటకు యోగ్యమైన తీరము వేరు. ఈ రెండింటిని ఒకటిగా నెంచుటవలన ఏటేట మన తీరమున యువకులు ప్రాణములు గోల్పోవుచున్నారు. 2022వ సంవత్సరము జూలై నెలలో అనకాపల్లి జిల్లాలోని పూడిమడక తీరమున స్నానమునకు దిగిన ఇంజనీరింగు విద్యార్థులలో ఆరుగురు మునిగిపోయిరి. ఆ తీరము చూచుటకు మిక్కిలి సుందరమైనది. కావున స్థలముల పేర్లు చెప్పుటకు ముందు, నీరు మనుష్యుని ఎట్లు లాగికొనిపోవునో కొంచెము వివరముగా చెప్పుట మాకు విధియని తలంచుచున్నాము.

కెరటములు ఒడ్డునకు తెచ్చిన నీరంతయు మరల సముద్రమునకు పోవలసినదే గదా. ఒడ్డునకు కొంతదూరమున, నీటి క్రింద, ఇసుకగట్టులు కట్టి యుండును. కెరటములు ఆ గట్టుల మీద విరిగి నీటిని ఇవతలికి నెట్టుచుండును. గట్టునకును ఒడ్డునకును నడుమ నిలిచిన యా నీరు పల్లమును వెదకికొనుచు ప్రక్కలకు ప్రవహించి, గట్టులో గండి యెచ్చట నున్నదో యచ్చటికి చేరి, దానిగుండ కాలువవలె వడిగా వెలుపలికి పోవును. చెరువుకట్టకు గండి పడినప్పుడు నీరెల్ల ఆ యొక్క చోటికే యెట్లు పరుగెత్తునో పల్లెటూరి పిల్లలు చూచియే యుందురు, ఇదియు నట్టిదే. దీనిని ఆంగ్లమున రిప్ కరెంటందురు. మామూలు దినములలో దీని వడి మనుష్యుని నడకకంటె తక్కువ. కెరటములు పెద్దవైన దినమున మాత్రము సెకనుకు 2 మీటర్ల వరకు పోగలదు. అట్టి వడికి ఎదురుగా కొన్ని నిమిషములపాటు ఈదగలవాడు లోకమునందలి గజయీతగాండ్రలో సైతము లేడు.

ఇందలి మోసమేమన, గండి యున్నచోట నీరు లోతుగా నుండుటచే కెరటము విరుగదు, నురుగు లేవదు. ఇరుప్రక్కల తెల్లని నురుగుతో కెరటములు పొరలుచుండగా నడుమ నొక బాటవలె నీరు నెమ్మదిగా, కొంచెము నల్లగానో, కలగిన యిసుకతో మురికిగానో కనబడును. తెలియనివారు "ఇక్కడ కెరటములు లేవు, ఇక్కడ దిగుదము" అని పిల్లలను సరిగా అచ్చటికే తీసికొనిపోవుదురు. దిగుటకు ముందు పది నిమిషములు ఒడ్డున మెట్టమీద నిలిచి నీటిని చూచినచో ఆ బాట కంటబడకపోదు. అంత ఓపిక లేనివారు దిగకుండుటయే మేలు.

ఈ ప్రవాహము మనుష్యుని అడుగునకు లాగదు, ఒడ్డునకు దూరముగా లాగును. చిక్కినవాడు భయపడి ఒడ్డువైపునకే ఎదురీది, అలసి మునుగును. చేయవలసినది వేరు. మొదట వెల్లకిల తేలుచు ఊపిరి నిలుపుకొనవలెను. చేయెత్తి సహాయము కోరవలెను. ప్రవాహము సామాన్యముగా మిక్కిలి వెడల్పైనది కాదు, గట్టు దాటిన పిమ్మట బలహీనమగును. కావున ఈదగలవాడు ఒడ్డు పొడవునకు సరిగా ప్రక్కకు ఈది, కెరటములు విరుగుచున్న చోటికి చేరి, వానితోపాటు వెనుకకు రావలెను. ఒడ్డుననున్నవారు వెంటనే దుముకరాదు. ఒకనికై మరియొకడు దిగి ఇరువురును పోయిన సంగతులు వార్తాపత్రికలలో చదువుచునే యున్నాము. మూత బిగించిన ఖాళీ డబ్బా నొకదానిని త్రాటికి కట్టి విసరుట మేలు. పైకి తీసినవానిని తలక్రిందులుగా వ్రేలాడదీయుట, పొట్ట నొక్కి నీరు కక్కించుట మన ప్రాంతముల వాడుకయై యున్నది. అది విలువైన కాలమును హరించును. శ్వాస ఆడనిచో వెంటనే నోటితో శ్వాస నందించుచు రొమ్ము నొత్తవలెను. మరియొకరు 108కి కబురు పంపవలెను.

ఇక స్థలములు. మన తీరము సుమారు వేయి కిలోమీటర్ల పొడవు గలది. అంతయు ఒకే తీరు కాదు. ఉత్తరమున తూర్పు కనుమల కొండలు సముద్రమువరకు వచ్చి నిలిచినవి. నడుమ గోదావరీ కృష్ణల ఒండ్రునేల. దక్షిణమున పొడవైన యిసుకతిన్నెలు.

విశాఖపట్టణమున రామకృష్ణా బీచి సాయంకాలము నడచుటకు, 2002లో ప్రదర్శనశాలగా మారిన కురుసుర జలాంతర్గామిని పిల్లలకు చూపుటకు మంచిచోటు. స్నానమునకు మేము సిఫారసు చేయము. అచ్చటి యిసుక కూడ స్థిరమైనది కాదు. వేసవినుండి నైరృతి ఋతుపవనముల కాలము ముగియువరకు కెరటములు ఇసుకను తీరము వెంబడి ఉత్తరమునకును, చలికాలమున దక్షిణమునకును మోయుచుండును. 1933లో తెరువబడిన రేవునకు ఆ యిసుక అడ్డు రాకుండ పాత ఓడలు రెండింటిని ముంచి గట్టుగా నేర్పరచిరి. దక్షిణమున ఆగిన యిసుకను యంత్రములతో తోడి నగరతీరమున పోయుట తరువాతికాలమున అవసరమైనది. నిరుడు మోకాలిలోతున్నచోట ఈ యేడు నిలువులోతుండుట ఇట్టి తీరములందు వింత గాదు. కాబట్టి "నిరుడు మే మిక్కడనే దిగితిమి" అను మాటను ఎవ్వరును ఆధారముగా గొనరాదు.

డాల్ఫిన్స్ నోసు కొండకు ఆవలనున్న యారాడ మూడువైపుల కొండలు, ఒకవైపు సముద్రము గల చోటు. మన తీరమున నింతకంటె కంటికింపైన స్థలము మేము చూడలేదు. ఐనను పిల్లలను నీటి యంచువరకే రానీయవలెను. నగరమునకు ఉత్తరమున ఋషికొండ గలదు. నీటి శుభ్రతను, తీరమందలి రక్షణను పరీక్షించి యిచ్చు నీలిపతాకమను అంతర్జాతీయపు గుర్తింపు దీనికి 2020లో లభించెను. ఆ గుర్తింపు శాశ్వతమైనది కాదు, మరల మరల పరీక్షింపబడును. మేము దానికంటె రక్షకులు కాపున్నారా లేదా యనునదే ముఖ్యముగా నెంచుదుము. చిన్నపిల్లలుగల కుటుంబము నీటిలో ఆడుకొనగోరినచో వారు కాపున్న భాగమునకు, వారున్న వేళలో పోవుట మంచిది. ఇంకను ఉత్తరమునకు పోయిన దారిలో ఎఱ్ఱమట్టి దిబ్బలును, తుదకు గోస్తనీనది సముద్రమున గలియు భీమునిపట్టణమును వచ్చును. డచ్చివారి పురాతన సమాధులు ఇచ్చట నున్నవి. చరిత్ర బోధించు ఉపాధ్యాయులకు ఇదియొక పాఠశాల.

నదీముఖముల విషయమున ఒక మాట. అంతర్వేదివద్ద వసిష్ఠ గోదావరియు, హంసలదీవివద్ద కృష్ణయు సాగరమున గలియుట చూడదగిన దృశ్యములు. పోటు తీసి నీరు వెనుకకు మరలు వేళ నదీప్రవాహమును సముద్రపు పాటును ఒకటై లాగును. అడుగున ఇసుక నిలుకడగా నుండదు. ఇచ్చట దూరమునుండి చూచుటయే స్నానఫలమని మా విన్నపము. కాకినాడకు చేరువనున్న ఉప్పాడకు పోయినవారు సముద్రము భూమిని కోసివేయుట కన్నులార చూడవచ్చును. బాటను కాపాడుటకు వేసిన బండరాళ్లు అచ్చట నున్నవి. ఇది విశ్రాంతికి పోదగినచోటు కాదు.

సొమ్ము తక్కువగల పాఠశాలలకు బాపట్ల దగ్గరి సూర్యలంకయు, చీరాల దగ్గరి వాడరేవును అనుకూలములు. రెండూళ్లును రైలుదారి మీదనే యున్నవి. దిగిన పిమ్మట పోవలసిన దూరము పది కిలోమీటర్లలోపే. ఇసుక విశాలము, సరుగుడు తోపుల నీడ చల్లన. పైన చెప్పిన యిసుకగట్టులు, గండ్లు ఇట్టి చదునైన తీరములందే ఎక్కువ. ఆదివారములందును కార్తికమాసపు స్నానదినములందును జనము మితిమీరును. అట్టి దినములలో నలుబదిమంది పిల్లలను లెక్కించుకొనుట ఏ ఉపాధ్యాయునికిని సాధ్యము గాదు. మంగళ బుధవారములు మేలు.

మచిలీపట్టణమునకు చేరువనున్న మంగినపూడిలో నేల నల్లని మట్టితో గూడినది. నీరు చాలదూరమువరకు లోతులేనిది. పిల్లలకు క్షేమమని పలువురందురు. ప్రశాంతమైన దినమున అది నిజమే. అదే లోతులేమి తుపాను దినమున శత్రువగును. లోతైన సముద్రమున గాలి త్రోసిన నీరు అడుగునుండి వెనుకకు పోవుటకు చోటుండును. లోతులేనిచోట పోలేక పేరుకొని భూమిమీదికి వచ్చును. 1864 నవంబరులో మచిలీపట్టణమున సుమారు 30,000 మందియు, 1977 నవంబరు 19న దివిసీమ ప్రాంతమున పదివేలకు పైగా జనమును అట్లే మరణించిరి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినదియు పౌర్ణమినాడే. మంగినపూడికి స్నానమునకు వచ్చినవారిలో పలువురు కొట్టుకొనిపోయిరి. నీరు అకస్మాత్తుగా ఒడ్డు విడిచి చాల వెనుకకు పోయినచో గవ్వలేరుటకు పరుగెత్తక మెరకకు పరుగెత్తవలెనని పిల్లలందరికి నేర్పవలెను.

కేవలము విశ్రాంతి గోరువారు, అనగా జనసమ్మర్దమును, అంగళ్ల కేకలను విడిచి రెండు దినములు కెరటముల చప్పుడు వినగోరువారు, శ్రీకాకుళము జిల్లాలోని కళింగపట్టణము చూడవలెనని మా యభిప్రాయము. వంశధార సముద్రమున గలియుచోట నున్న పూర్వపు రేవుపట్టణమది. దీపస్తంభ మొకటి గలదు. నెల్లూరు ప్రాంతమువారికి మైపాడు దగ్గర.

కాలము విషయమై యింతకంటె క్లుప్తముగా చెప్పవచ్చును. జనవరి మొదలు మార్చివరకు సముద్రము ఉన్నంతలో శాంతముగా నుండును. జూన్ మొదలు సెప్టెంబరువరకు కెరటములు బలమైనవి. అక్టోబరు మొదలు డిసెంబరువరకు తుపానుల భయము. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినది అక్టోబరు 12న. వేసవిలో ఎండ తీవ్రమైనను పగలు నేల వేడెక్కి గాలి పైకి లేచుటచే సముద్రమునుండి చల్లగాలి వీచును. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు మరపడవలకు వేట నిషిద్ధము గనుక జాలరులు ఒడ్డున వలలు బాగుచేసికొనుచు తీరికగా మాటలాడ దొరకుదురు. ఆ స్థలమున దిగవచ్చునా లేదా యని వారిని అడుగుట ఏ పుస్తకము చదువుటకంటెను మేలు. గాలి లేని నిర్మలదినమున కూడ దూరపు దక్షిణసముద్రముల తుపానులవలన బుట్టిన పెద్ద కెరటములు రావచ్చును. 1999లో హైదరాబాదున స్థాపింపబడిన సముద్ర సమాచార కేంద్రము ఇట్టివానిని ముందుగా తెలుపుచున్నది; ప్రయాణమునకు ముందురోజు ఆ హెచ్చరికలు చూచుట మరువరాదు.

జనవరి మొదలు మార్చివరకు పోవువారు మరియొకటి గమనింతురు గాక. ఆ నెలలలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రివేళ మన యిసుకతిన్నెలకు వచ్చి గుంటలు త్రవ్వి గ్రుడ్లు పెట్టి పోవును. పిల్లలు వెలువడుటకు సుమారు 45 మొదలు 60 దినములు పట్టును. అవి వెలుగున్న వైపే సముద్రమని యెంచి నడచును. కావున ఆ దినములలో రాత్రి తీరమున బసచేయువారు నెగళ్లు వేయక, లాంతరులు ఇసుకవైపు తిప్పక యుండవలెను.