మూల వద్ద దిగిపోవు ప్లాస్మా టార్చి

హుజూర్‌నగర్ చుట్టుపట్ల సిమెంటు కర్మాగారములును, బియ్యపు మిల్లులును గలవు. అట్టి వానికి వలయు తొట్లను ఉక్కు రేకులు కోసి, అతికి చేయుదురు. రేకులను కోయు సాధనములలో ప్లాస్మా యంత్రమొకటి. టార్చికిని రేకునకును నడుమ విద్యుత్తు చాపమువలె వెలుగును. దాని గుండా పోవు వాయువు వేలకొలది డిగ్రీలకు కాగి ప్లాస్మాయై, సుమారు 1,500 డిగ్రీలకు కరగు ఉక్కును కరగించి క్రిందికి నెట్టివేయును. కంప్యూటరు టార్చిని గీత వెంబడి నడుపును.

రేకు వేడికి వంగును గనుక టార్చి ఎత్తును ఎడతెగక సవరింపవలెను. అయితే కోత సాగునపుడు యంత్రము కొలుచునది ఎత్తును గాదు, చాపపు వోల్టేజిని. టార్చి పైకి పోయినచో చాపము పొడవై వోల్టేజి పెరుగును. యంత్రము టార్చిని దించును.

చిక్కు మూల వద్ద వచ్చును. మలుపు తిరుగుటకు టార్చి నెమ్మదించును. అచ్చట లోహము ఎక్కువగా కరగి కోత వెడల్పగును. దూరమైన అంచులకు చాపము సాగి వోల్టేజి పెరుగును. ఎత్తు మారకున్నను, మారినదని యంత్రము పొరబడి టార్చిని దించును. నాజిలు రేకును తాకి చెడును, రేకును వ్యర్థమగును.

కావున మూలకు ముందే ఎత్తు సవరణను ఆపి, వేగము మరల అందుకొన్న పిదప ప్రారంభింపవలెను. అనుమానము కలిగినచో, సవరణను ఆపి చదునైన తుండుపై అదే మూలను కోసి చూడవలెను. అపుడు టార్చి దిగనిచో దోషము సవరణలోనే యున్నది. తిన్నని కోతలోను దిగుచున్నచో ఎలక్ట్రోడును పరీక్షింపవలెను; అది అరిగిన కొలది, అదే ఎత్తులో వోల్టేజి హెచ్చును.

యంత్రమును సరిదిద్దుటకు ముందు, అది నిజముగా దేనిని కొలుచుచున్నదో తెలిసికొనవలెను.