తెర మీద వెలుగు, కాగితం మీద చీకటి

కంప్యూటరు తెర మీద కళకళలాడిన ఫోటో, కాగితం మీద అచ్చయి వచ్చేసరికి మసకబారినట్టు కనిపించడం మీరెప్పుడైనా గమనించారా?

మా బందరు బడిలో చదివే ఒక అమ్మాయిది దివిసీమ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో తడిసిన వాళ్ళ ముత్తాతగారి ఫోటో ఒకటి ఇంట్లో మిగిలింది. ఆయనది మరో ఫోటో లేదు. ఆమె దానిని స్కాన్ చేయించి, కంప్యూటరులో మచ్చలు తుడిచి, కళ్ళు స్పష్టంగా కనిపించేదాకా తీర్చిదిద్దింది. గుడివాడలో ప్రింటు వేయించి తెస్తే, కళ్ళున్న చోట నల్లని నీడే!

"స్టూడియోవాళ్ళు పాడుచేశారు మాస్టారూ!" అంది.

"ఒకసారి వరండాలోకి తీసుకురామ్మా" అన్నాను. పగటి వెలుగులో ముత్తాతగారి కళ్ళు మళ్ళీ కనిపించాయి. అంటే తప్పు ప్రింటుది కాదు. మరి దేనిది?

తెర దీపం లాంటిది. తన వెలుగును తానే ఇస్తుంది. కాగితం అలా కాదు. తన మీద పడిన వెలుగునే పరావర్తనం చేస్తుంది. చిన్న లెక్క వేద్దాం. గదిలో కాగితం మీద 200 లక్సుల కాంతి పడుతున్నదనుకోండి. తెల్ల కాగితం అందులో 85 శాతాన్ని తిప్పి పంపితే 170 అవుతుంది. ఆ కాంతి అన్ని దిక్కులకూ చెదురుతుంది కనుక 3.14తో భాగించాలి. చదరపు మీటరుకు సుమారు 54 కాండెలాలు వస్తుంది. కొత్త మానిటరు ప్రకాశమో? పూర్తిగా పెంచితే 250 దాకా ఉండవచ్చు. కాగితం కంటే నాలుగున్నర రెట్లు ఎక్కువన్నమాట! అంత వెలుగులో చూసి "చాలు" అనుకున్న నీడ, కాగితం మీద చీకటి కాక ఏమవుతుంది?

మన కన్ను ఈ తేడాను పసిగట్టదు. ఎక్కువ వెలుగుకూ, తక్కువ వెలుగుకూ తనంతట తానే సర్దుకుంటుంది. అందుకే రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చాలి.

ఈ ప్రయోగం చేసి చూడండి. తెర మీద ఏమీ రాయని తెల్ల పేజీ తెరవండి. పక్కనే తెల్ల కాగితం పట్టుకోండి. ఫోటోను ఏ వెలుగులో చూస్తారో ఆ వెలుగే గదిలో ఉండాలి. రెండు తెలుపులూ సమానంగా కనిపించేవరకు తెర బ్రైట్‌నెస్ తగ్గించండి. ప్రింట్ల పని చేసేవారు సాధారణంగా 80 నుంచి 120 కాండెలాల మధ్య ఉంచుకుంటారు. ప్రింటును కూడా మంచి వెలుగులోనే చూస్తారు. కాగితం మీద 400 లక్సులు పడితే మన లెక్క ప్రకారం 108 వస్తుంది. తెరా, కాగితమూ సరిపోయినట్టే!

బజారులో కాటాను ప్రమాణమైన తూనికరాళ్ళతో సరిచూసి ముద్ర వేస్తారు కదా! తెరను సరిచూడడాన్ని క్రమాంకనం, అంటే కాలిబ్రేషన్ అంటారు. కలరీమీటరు అనే పరికరాన్ని తెరకు ఆనిస్తారు. తెర మీద వరుసగా వచ్చే రంగులను అది కొలుస్తుంది. ఉండవలసిన రంగుకూ, ఉన్న రంగుకూ తేడాను బట్టి కంప్యూటరు సవరించుకుంటుంది. కంటితో చేసే మన ప్రయోగం వెలుగును మాత్రమే సరిచేస్తుంది. రంగులకు పరికరం కావలసిందే.

ఆ అమ్మాయి తెర వెలుగు తగ్గించింది. వెంటనే తెర మీది ముత్తాతగారి ముఖం కూడా ప్రింటులో లాగే నల్లబడింది! అప్పుడు నీడలను కాస్త తేలికచేసి మళ్ళీ ప్రింటు వేయించింది. ఇప్పుడు ఆ ఫోటో వాళ్ళ నడవ గోడ మీద ఉంది. ట్యూబులైటు వెలుగులో కూడా ఆయన కళ్ళు కనిపిస్తున్నాయి.

మీ ఇంట్లో పాత ఫోటో ఉంటే బాగుచేసి చూడండి. అయితే, ముందుగా తెరను సరిచూడడం మరవకండి!