ప్యాడ్ల పలకపై మోహనరాగము

నేటి సంగీతకారుల గదులలో హార్మోనియము సరసన చిన్న చదరపు పలక ఒకటి తరచుగా కనిపించుచున్నది. దానిపై వరుసకు ఎనిమిది చొప్పున ఎనిమిది వరుసలలో 64 రబ్బరు ప్యాడ్లుండును. ఈ పలకకు స్వంత నాదము లేదు. వ్రేలితో నొక్కినపుడు, ఏ స్వరమును ఎంత బలముతో పలికింపవలెనో తెలుపు సంఖ్యలను మాత్రమే అది కంప్యూటరునకు పంపును. 1983లో వెలువడిన ‘మిడి’ అను పద్ధతియే ఈ సంఖ్యల భాష.

ఇందు స్వరములకు 0 మొదలు 127 వరకు సంఖ్యలు కలవు. పియానో నడుమ నుండు ‘సి’ స్వరము 60. వీణపై ఒక స్థాయికి పండ్రెండు మెట్లున్నట్లే ఇచటను పండ్రెండు సంఖ్యలకు ఒక స్థాయి పూర్తియగును.

షడ్జమును 60గా గ్రహింతము. మోహనమునకు చతుశ్శ్రుతి రిషభము 62, అంతర గాంధారము 64, పంచమము 67, చతుశ్శ్రుతి ధైవతము 69, తారషడ్జము 72 అగును. ఈ సంఖ్యలనే ప్యాడ్లకు కేటాయించినచో మధ్యమ నిషాదములు పలకపై ఉండనే ఉండవు. చేయి జారినను అన్యస్వరము పలుకదు. వరుసకు ఐదు ప్యాడ్లనే వాడి, పై వరుసను తారషడ్జముతో ఆరంభించుట సుఖము. అప్పుడు షడ్జములన్నియు ఒకే నిలువు గీతలో నిలుచును. మాయామాళవగౌళకైనచో 60, 61, 64, 65, 67, 68, 71, 72. శ్రుతిని రెండు మెట్లు హెచ్చింపవలెనన్న ప్రతి సంఖ్యకును రెండు కలిపిన చాలును; వ్రేళ్ల నడక మారదు.

అయినను స్వరములను కూర్చినంతనే రాగము కాదు. ఆరభి, దేవగాంధారి రాగములకు ఆరోహణావరోహణములు ఒక్కటియే. పలకపై రెండింటికిని ఒకే అమరిక. వానిని వేరుపరచునవి గమకములు, సంచారములు. ఈ చిక్కు క్రొత్తది కాదు. స్థిరస్వరముల హార్మోనియము గమకములకు ఒదుగదను వాదము బలపడి, 1940లో ఆలిండియా రేడియో దానిని ప్రసారములనుండి తొలగించినది. 1971లో గాని ఆ నిషేధము సడలలేదు.

మిడియందు స్వరమును వంచుటకు ఒక సందేశము కలదు. దానికి 16,384 విలువలు. కాని అది ఒక చానెలులోని స్వరములన్నింటిని ఒక్కసారిగా వంచును. 2018లో ఆమోదము పొందిన ‘ఎం.పి.ఇ.’ పద్ధతిలో మ్రోగుచున్న ప్రతి స్వరమునకును వేరు చానెలు లభించును. దానికి తగిన పలకపై వ్రేలిని ప్రక్కకు జరిపినచో ఆ స్వరమొక్కటే కదలును. గమకమునకు ఇది కొంత దారి చూపినది.

కావున బాలలకు ఈ పలకనిచ్చు తల్లిదండ్రులు తంబురా శ్రుతిని తోడుగా నుంచి, మొదట స్వరమును పాడించి, పిదపనే ప్యాడ్‌ను నొక్కింపవలెను. అపస్వరమును పలక తప్పింపగలదు గాని, రాగమును ఎరుగవలసినది చెవియే గదా!