నల్లమల దారిన నీళ్ల కడవ

ఏటా ఉగాది సమీపించే వేళ కర్ణాటక నుంచి వేలాది భక్తులు కాలినడకన శ్రీశైలానికి బయలుదేరుతారు. రాయచూరు, బళ్లారి, బాగల్‌కోట్ ప్రాంతాల నుంచి రోజుల తరబడి నడిచి, కర్నూలు, నందికొట్కూరు మీదుగా ఆత్మకూరు చేరుకుంటారు. సమీపంలోని వెంకటాపురం దగ్గర రహదారిని విడిచి అడవి బాట పడతారు. నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాస ద్వారం మీదుగా సాగే ఈ నల్లమల నడక సుమారు 40 కిలోమీటర్లు. అది పెద్దపులుల అభయారణ్యం. అందుకే యాత్రల రోజుల్లో మాత్రమే నడకకు అనుమతి ఉంటుంది. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడని చరిత్ర చెబుతోంది. మెట్లున్నా ఎండ ఎండే. ఆ రోజులకు అడవి ఆకు రాల్చి ఉంటుంది. చెట్లుంటాయి, నీడ ఉండదు.

2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. అది మనకు రమజాన్ 29వ రోజా. అంటే యాత్రికులు ఆత్మకూరు దాటిన రోజులు, మన ఉపవాసాల చివరి పది రోజులు ఒక్కటయ్యాయి. అప్పటికే సీమలో ఎండ 40 డిగ్రీలు దాటింది. ఆ దినాల్లో ఒక రోజు మేము ఆత్మకూరులోని మా బంధువుల ఇంట ఉన్నాం.

ఆ ఇంటివారు ఏటా దారి పక్కన వేపచెట్టు కింద నీళ్ల కడవలు ఉంచుతారు. ఫజ్ర్ నమాజు ముగిసిందో లేదో పని మొదలైంది. మగపిల్లలు బోరింగు నుంచి బిందెలు మోస్తున్నారు. ఆడవారు మజ్జిగ చిలికి, అల్లం దంచి, నిమ్మకాయలు పిండుతున్నారు. ఉప్పు సరిపోయిందో లేదో రుచి చూడటానికి ఆ ఇంట ఉపవాసం లేనివారు ఒక్కరే ఉన్నారు, ఆరేళ్ల పాప. ఆమె గంభీరంగా ఒక గుక్క తాగి, “ఇంకొంచెం వేయాలి దాదీ” అని తీర్పు చెప్పింది.

మాలో ఒక సందేహం మెదిలింది. ఆలయానికి వెళ్లేవారికి నీళ్లివ్వడం మన ధర్మంలో ఏ కోవకు చెందుతుంది? ఇంటి పెద్ద అయిన చిచ్చా నవ్వి, “వారి ఆరాధన వారిది, మన ఆరాధన మనది. దాహం మాత్రం అల్లాహ్ ఇద్దరికీ ఒకేలా పెట్టాడు” అన్నారు.

ఆలోచిస్తే సమాధానం మన గ్రంథాల్లోనే ఉంది. అన్నం పెట్టే సజ్జనులను అద్-దహ్ర్ సూరా ప్రశంసించింది. వారి అన్నం తిన్నవారిలో పేదలు, అనాథలతోపాటు ఖైదీలూ ఉన్నారు. ధర్మం విషయంలో మనతో పోరాడని వారికి మేలు చేయడాన్ని అల్లాహ్ వారించలేదని అల్-ముమ్తహిన సూరా స్పష్టం చేస్తోంది. దాహంతో నాలుక చాచిన కుక్క కోసం బావిలోకి దిగి, తన మేజోడులో నీళ్లు తెచ్చిన మనిషిని అల్లాహ్ క్షమించాడని దైవప్రవక్త (స) బోధించారు. మూగజీవికే ఇంత విలువ ఉంటే, కాళ్లు బొబ్బలెక్కిన మనిషి మాటేమిటి?

మధ్యాహ్నం జుహర్ తర్వాత ఒక ఘటన జరిగింది. ఉదయం నుంచి బిందెలు మోస్తున్న పదిహేనేళ్ల అబ్బాయి ఉన్నట్టుండి కూలబడ్డాడు. ఒళ్లంతా చెమట, కళ్లు తిరుగుతున్నాయి, పిక్కలు పట్టేశాయి. నీళ్లు తాగమంటే తల అడ్డంగా ఊపాడు. “మగ్రిబ్ దాకా ఓర్చుకుంటాను” అన్నాడు. అప్పుడే గ్లాసు అందుకున్న ఒక ముసలి యాత్రికుడు తాను తాగకుండా దాన్ని ఆ అబ్బాయి నోటి దగ్గర పట్టాడు. “తమ్మా, కుడి” అన్నాడు. తాగు నాయనా అని కన్నడంలో అర్థం.

చిచ్చా పక్కన కూర్చున్నారు. “తాగు బేటా. మక్కా విజయ యాత్రలో ఉపవాసంతో జనం అలసిపోయారని తెలిసి, దైవప్రవక్త (స) అందరూ చూస్తుండగా నీళ్లు తెప్పించుకుని తాగారు. ప్రాణానికి ముప్పు తెచ్చుకోవడం భక్తి కాదు. ఈ ఒక్క రోజా తర్వాత ఖజా చేద్దువు” అన్నారు. అబ్బాయి బిస్మిల్లాహ్ అని తాగాడు. ఆ ముసలాయనకు మేము మరో గ్లాసు నింపి ఇచ్చాం.

యాత్రికుల దాహం తీర్చడం ముస్లిం సమాజానికి కొత్త కాదు. అబ్బాసీ ఖలీఫా హారూన్ రషీద్ భార్య జుబైదా కూఫా నుంచి మక్కాకు వెళ్లే ఎడారి దారి పొడవునా బావులు, చెరువులు ఏర్పాటు చేయించారు. ఆమె 831లో మరణించారు. ఆ దారిని నేటికీ ‘దర్బ్ జుబైదా’ అనే పిలుస్తారు. మనం పెట్టే కడవ చిన్నదే కావచ్చు, కానీ అదీ ఆ వరుసలోనిదే.

అయితే మంచి మనసుతోపాటు కొంత తెలివిడీ అవసరం. చెమటతో నీళ్లే కాదు, ఉప్పూ పోతుంది. ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి ఇస్తే శరీరం త్వరగా తేరుకుంటుంది. చెంచాలు తలకొట్టి కొలవాలి. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడితే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ విసరాలి, 108కు ఫోను చేయాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. అడవిలోకి వెళ్లేవారికి ప్లాస్టిక్ పొట్లాలు ఇవ్వవద్దు. వారి సీసాలే నింపి పంపడం మేలు.

ఈద్ తర్వాత ఆ అబ్బాయి తన రోజా ఖజా చేశాడు. అప్పటికి యాత్రికులు వెళ్లిపోయారు. అయినా వేపచెట్టు కింద కడవలు తీయలేదు. గొర్రెల కాపరులూ, ఉపాధి కూలీలూ ఆగి తాగి వెళ్తున్నారు. సాయంత్రం కడవలు కడిగి మళ్లీ నింపే పని ఆ అబ్బాయే తీసుకున్నాడు.