పదహారేళ్లకు ఏ బండి? పద్దెనిమిదేళ్లకు ఏ బండి?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు పోటీ పరీక్షల గురించి రాద్దామనుకున్నాం. కానీ మొన్న సెలవులకు కోహెడ వెళ్లి ఇంటి ముందర కూర్చుంటే, మీ ఈడు పిల్లలు ముగ్గురేసి ఒక్కో బండి మీద రింగు రోడ్డు సర్వీసు రోడ్డు వైపు పోతూనే ఉన్నారు. అందులో మన హాస్టల్ తమ్ముడు ఒకడు చెయ్యి కూడా ఊపాడు. అందుకే విషయం మార్చాం.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. కాబట్టి ఏ ఆఫీసు నుంచి కాగితం వచ్చినా చదివి చెప్పమని మాకే ఇస్తారు. పోయిన ఏడాది మా చిన్నాయన ఒక ఇంగ్లీషు నోటీసు తెచ్చాడు. ఆయన కొడుకు పదిహేడేళ్లప్పుడు స్కూటర్ మీద పోతూ ఒక పెద్దమనిషిని గుద్దాడు. ఆయనకు కాలు విరిగింది. "ఇన్సూరెన్స్ ఉంది కదా, వాళ్లే కట్టుకుంటారు" అని చిన్నాయన ధీమాగా ఉన్నాడు. కంపెనీ కట్టింది కూడా. కట్టిన సొమ్మంతా ఇప్పుడు మీరు మాకు తిరిగి ఇవ్వాలన్నదే ఆ నోటీసు. అది చదివి చెప్పడానికి మాకు నోరు రాలేదు.

ఇది ఆయన ఒక్కడికి జరిగిన అన్యాయమేమీ కాదు, పద్ధతే అంత. లైసెన్స్ లేని వ్యక్తికి తెలిసీ బండి ఇచ్చి ప్రమాదం జరిగితే, బాధితుడికి కంపెనీ ముందు చెల్లించి తరువాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చు. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన దారి ఇదే. ఓనరు అంటే మన ఇళ్లలో నాయనే కదా.

ఇక చట్టం సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం 18 ఏళ్లు నిండనివారు రోడ్డు మీద మోటారు బండి నడపకూడదు. ఒక్క మినహాయింపు ఉంది. ఇంజను 50 సీసీకి మించని బండిని 16 నిండినవారు నడపవచ్చు. తల్లో తండ్రో ఒప్పుకొని సంతకం పెడితే గేర్లు లేని బండికి ఎల్‌ఎల్‌ఆర్ కూడా ఇస్తారు. ఇక్కడే అందరూ తప్పులో కాలేస్తున్నారు. "గేర్లు లేని బండికి పదహారేళ్లకే లైసెన్స్ వస్తుందట" అన్న సగం మాటే ఊళ్లో తిరుగుతుంది. 50 సీసీ అన్న మిగతా సగం ఎవరూ చెప్పరు.

1972లో వచ్చిన లూనా, 1980లో వచ్చిన టీవీఎస్ 50 ఆ కొలతకు సరిపోయేవి. ఇప్పుడు షోరూముల్లో వరసగా నిలబెట్టిన వాటిని చూడండి. యాక్టివా 110 సీసీ దాకా ఉంటుంది. మన నాయనలు పాల క్యాన్లు, గడ్డి మోపులు వేసుకొని తిరిగే టీవీఎస్ ఎక్సెల్ కూడా నేడు 99.7 సీసీ. చూడటానికి చిన్నదే, చట్టం లెక్కలో పెద్దదే. అంటే పదహారేళ్లకు లైసెన్స్ చేతికొచ్చినా దానితో నడపదగిన పెట్రోలు బండి కొత్తది దొరకదు. చట్టం ఒక తలుపు తెరిచి పెట్టింది, ఆ గదిలో మాత్రం సామాను లేదు.

మిగిలింది నెమ్మది కరెంటు స్కూటర్. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బరువు బ్యాటరీ కాక 60 కిలోల లోపు ఉన్నదాన్ని నిబంధనలు మోటారు వాహనంగా లెక్కించవు. దానికి లైసెన్స్, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఊళ్లో ట్యూషన్‌కు, కిరాణా కొట్టుకు పోయి రావడానికి అది చాలు. అంతకు మించినవన్నీ ఆకుపచ్చ నంబరు ప్లేటు బండ్లే, వాటికి లైసెన్స్ కావాలి. కొన్నిచోట్ల "వేగం పెంచి ఇస్తాం" అంటారు, ఒప్పుకోవద్దు. పెంచిన నిమిషం నుంచి అది నంబరు లేని మోటారు బండి అవుతుంది. నెమ్మది బండి వేసుకొని టిప్పర్లు తిరిగే సాగర్ రోడ్డు ఎక్కడం కూడా తెలివైన పని కాదు.

2019లో చట్టానికి 199ఎ అనే సెక్షన్ చేర్చారు. మైనర్ బండి నడిపి నేరం చేస్తే తండ్రికి లేదా ఓనరుకు మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు మైనర్ల మీద ప్రత్యేక తనిఖీలు మొదలుపెట్టినప్పుడు దీన్నే గుర్తు చేశారు. తండ్రికి తెలిసే ఇచ్చాడని కోర్టు ముందే అనుకుంటుంది, తెలియదని ఆయనే రుజువు చేసుకోవాలి. ఇరవై ఐదేళ్ల దాకా లైసెన్స్ లేదంటే ఏమిటో ఆలోచించండి. డ్రైవరు ఉద్యోగానికి, డెలివరీ పనికి దరఖాస్తు చేసే వయసంతా అందులోనే పోతుంది. మన ఇళ్లలో పిల్లలకు చదువు ఆగితే చేతికి అందే పనులు అవే.

పద్దెనిమిది నిండాక ఎల్‌ఎల్‌ఆర్ తీసుకునేటప్పుడు గేర్ల బండికే అడగండి. ఆ లైసెన్స్‌తో స్కూటర్ కూడా నడపవచ్చు, గేర్లు లేనిదానితో స్ప్లెండర్ నడపలేరు. ప్రశ్నల పరీక్షలో నూటికి అరవై వస్తే పాసు. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు పనిచేస్తుంది, 30 రోజులు గడిచాక ట్రాక్ మీద ఎనిమిది అంకె తిప్పి చూపాలి. ఈ మధ్య రోజుల్లో బండికి ఎర్రని "ఎల్" ఉండాలి, వెనుక లైసెన్స్ ఉండి నేర్పేవారు కూర్చోవాలి. దోస్తును ఎక్కించుకోవడం ఎల్‌ఎల్‌ఆర్ మీద కుదరదు. ఈ సంగతి మాకే పీజీలో చేరాక తెలిసింది. అంతకు ముందు ఎంతమందిని ఎక్కించుకున్నామో అడగకండి.

ఏ బండి అంటే కంపెనీ పేరు మేం చెప్పం. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి. స్ప్లెండర్ లాంటిది 110 కిలోల పైనే ఉంటుంది, స్టాండు తీసి పది అడుగులు వెనక్కి నెట్టి చూడండి. నెట్టలేకపోతే ఆపనూ లేరు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు చక్రం బిగుసుకోకుండా ఆపే ఏబీఎస్, అంతకు తక్కువ వాటికి ఒక బ్రేకు పడితే రెండు చక్రాలూ ఆగే ఏర్పాటు తప్పనిసరి చేశారు. నేర్చుకునేవాళ్లు భయంతో ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టి కంకర మీద జారిపడతారు. అందుకే 2019కి ముందు బండి చవగ్గా వచ్చినా మేమైతే మొదటి బండిగా కొనం. ప్లాటు అమ్మిన డబ్బులున్నాయని 200 సీసీ బండి అడిగే తమ్ముళ్లు ముందు ఇంట్లో ఉన్న నాయన బండి మీద ఏడాది తిరగండి.

సెకండ్ హ్యాండ్ కొంటే ఆర్‌సీలో ఫైనాన్స్ ఉందేమో, చలాన్లు ఎన్ని ఉన్నాయో, ఛాసిస్ నంబరు కలుస్తుందో చూడండి. 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు కాకుండా డబ్బు ఇవ్వకండి. ఆర్‌సీలో ఎవరి పేరుంటే వారే ఓనరని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. నాయన పాత బండి అమ్మినా అంతే, పేరు మారేదాకా ఆయన మెడకే. హెల్మెట్‌కు కొంత డబ్బు ముందే పక్కన పెట్టుకోండి. 2021 జూన్ నుంచి ఐఎస్ఐ గుర్తు లేనిది అమ్మడమే నేరం. వెనుక కూర్చున్నవారికీ కావాలి.

ఇంకో చిన్న విషయం. మనలో చాలామందికి అమ్మ చెప్పే పుట్టిన రోజు వేరు, బడిలో చేర్చినప్పుడు సారు రాసింది వేరు. ఆఫీసులో చెల్లేది కాగితం మీది తేదీయే. స్లాట్ బుక్ చేసే ముందే పదో తరగతి మెమో, ఆధార్ రెండూ పక్కపక్కన పెట్టి తేదీ కలిసిందో లేదో చూసుకోండి. కలవకపోతే ముందు అది సరిచేయించుకోవాలి.

మా చెల్లెకు అమ్మ లెక్కన పద్దెనిమిది ఎప్పుడో నిండాయి, మెమో లెక్కన వచ్చే జూన్‌లో నిండుతాయి. ఆడపిల్లలకు బస్సు టికెట్ లేదు గానీ, మా వైపు సాయంత్రం బస్సే సరిగ్గా రాదు. అయినా నాయన ఎక్సెల్ తాళంచెవి అప్పటి దాకా బియ్యం డబ్బాలోనే ఉంటుంది. ఎక్కడుందో ఆమెకూ తెలుసు.